పెంపుడు ఫెరెట్ ఆహారం: పచ్చిమాంసం, శీతలశుష్క మాంసం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఫెరెట్ మాంసాహారం లేకుండా మనలేని జంతువు. ఈ విషయంలో పశువైద్యులకూ పెంపకందారులకూ భేదాభిప్రాయం లేదు. ఆ మాంసం పచ్చిగా ఉండాలా, వండినదై ఉండాలా, గుళికల రూపంలోనో ఎండబెట్టిన రూపంలోనో ఉండాలా అన్నదే వివాదం. పచ్చిమాంసాన్ని సమర్థించేవారు ‘సహజాహారం’ అన్న మాటను ప్రధానంగా ఆశ్రయిస్తారు. ఆ ఒక్క మాటలో పోషకాలు, సూక్ష్మజీవులు, అలవాటు అనే మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫెరెట్, నియత మాంసాహారి, పచ్చిమాంసం, శీతల శుష్కీకరణ, కాల్షియం, సాల్మొనెల్లా, ఇన్‌ఫ్లూయెంజా.

1. ఉపోద్ఘాతం:

పిల్లికి పాలు పోయడం తెలుగువారి ఇళ్ళలో ఎంత మామూలో, బ్రిటన్ పల్లెల్లో ఫెరెట్‌కు పాలలో నానబెట్టిన రొట్టె పెట్టడం ఒకప్పుడు అంత మామూలు. తెనాలి రామకృష్ణుని పిల్లి కథలో రాయలవారు పిల్లితోపాటు ఆవును కూడా ఇప్పించడం ఇటువంటి నమ్మకం మీద ఆధారపడినదే. రెండుచోట్లా పెట్టే చేతిలో ఉన్నది ప్రేమే. అయితే తాను తినేది తన పెంపుడు జంతువుకు కూడా సరిపడుతుందన్న ఊహ ఆ ప్రేమ వెనుక ఉంది. ఎదిగిన ఫెరెట్ పాలలోని చక్కెరను సరిగా జీర్ణం చేసుకోలేదు. రొట్టెలోని పిండి దాని శరీరానికి పెద్దగా అక్కరకు రాదు. పాలరొట్టెతో పెరిగిన జంతువుకు విరేచనాలు, పోషకలోపం తప్పేవి కావు.

ఆ తర్వాతి కాలంలో గుళికల ఆహారం వచ్చింది. దానిపై అసంతృప్తితో అమెరికా, ఐరోపా దేశాల పెంపకందారులలో కొందరు పచ్చిమాంసం వైపు మళ్ళారు. ‘ప్రకృతిలో తినేదే ఇంట్లోనూ పెట్టాలి’ అన్నది వారి వాదం. కుక్కల విషయంలో ఇటువంటి వాదాన్ని ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో వెలువరించిన గ్రంథం విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చింది. ఫెరెట్ విషయంలో ఈ వాదానికి కుక్క విషయంలోకంటే గట్టి ఆధారమే ఉంది. ఆ ఆధారం ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడవలసి ఉంది.

2. ఫెరెట్ – పరిచయం:

సన్నని పొడవాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు గల ఫెరెట్‌ను చూడగానే తెలుగువారికి ముంగిస గుర్తుకు వస్తుంది. జీవశాస్త్రం దృష్టిలో ఈ రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు. ముంగిస పిల్లుల వైపు శాఖకు చెందినది. ఫెరెట్ ముస్టెలిడే కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో తెలుగునేలకు బాగా తెలిసిన జంతువు నీటికుక్క. గోదావరి ముఖద్వారంలోని కోరింగ మడ అడవులలో అది నేటికీ కనిపిస్తుంది.

ఫెరెట్ ఐరోపాలోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువు నుండి మచ్చికైనదని శాస్త్రజ్ఞులు భావిస్తారు. మచ్చికై రెండువేల ఏళ్ళకు పైబడింది. కుందేళ్ళను బొరియల నుండి తరమడానికి ఇటువంటి జంతువును వాడినట్లు గ్రీకు రచయిత స్ట్రాబో, రోమన్ రచయిత ప్లినీ పేర్కొన్నారు. 1758లో లిన్నేయస్ పెట్టిన ‘ఫ్యూరో’ అన్న జాతినామానికి మూలం దొంగ అనే అర్థమిచ్చే లాటిన్ పదం. దొరికిన వస్తువును ఎత్తుకుపోయి దాచుకునే దాని గుణానికి ఈ పేరు చక్కగా సరిపోయింది. ఆహారం విషయంలో ఈ గుణానికి ఉన్న ప్రాధాన్యం ముందు తెలుస్తుంది.

3. శరీర నిర్మాణం చెప్పే సాక్ష్యం:

ఎదిగిన ఫెరెట్‌కు 34 పళ్ళుంటాయి. వాటి పని మాంసాన్ని పట్టుకోవడం, కోయడం, చిన్న ఎముకలను నలపడం. గింజలను, ఆకులను నమిలి పిండిచేసే వెడల్పాటి దంతాల వరుస దానికి లేదు. పేగు పొట్టిది. పీచును పులియబెట్టి పోషకంగా మార్చే అంధనాళం అసలే లేదు. తిన్న ఆహారం సుమారు మూడు నాలుగు గంటలలోనే శరీరాన్ని దాటిపోతుంది. ఇంత తక్కువ వ్యవధిలో జీర్ణం కాదగినది మాంసకృత్తులు, కొవ్వు అధికంగా గల జంతు సంబంధమైన ఆహారమే. కాబట్టి ఫెరెట్‌ను నియత మాంసాహారి అంటారు. శాకాహార నియమం గల కుటుంబం దీనిని పెంచదలచితే ముందుగా తేల్చుకోవలసిన విషయం ఇదే. ఇంటి నియమాన్ని ఈ జంతువుకు వర్తింపజేయడం సాధ్యం కాదు.

ఘనపదార్థ ప్రాతిపదికన చూస్తే దాని ఆహారంలో మాంసకృత్తులు 30 నుండి 40 శాతం, కొవ్వు 15 నుండి 30 శాతం ఉండాలనీ, పీచు, పిండిపదార్థాలు స్వల్పంగానే ఉండాలనీ పశువైద్య గ్రంథాలు సూచిస్తాయి. యంత్రంలో ఒత్తి తయారుచేసే గుళిక విడిపోకుండా నిలవడానికి సాధారణంగా పిండి కావాలి. గుళికపై పచ్చిమాంస పక్షం చేసే విమర్శకు మూలం ఇక్కడ ఉంది. ఈ విమర్శలో న్యాయం ఉంది.

అయితే ఇక్కడి నుండి తరచుగా మరో అడుగు వేస్తారు. నడివయసు ఫెరెట్లలో క్లోమంలో ఇన్సులిన్‌ను అధికంగా స్రవించే కణితి ఏర్పడడం అమెరికాలో ఎక్కువగా కనిపిస్తుంది. రక్తంలో చక్కెర పడిపోయి జంతువు నీరసించడం, చొంగ కార్చడం, మూర్ఛపోవడం దీని లక్షణాలు. గుళికలలోని పిండే ఇందుకు కారణమన్న మాట ప్రచారంలో ఉంది. అది పరిశీలించదగిన ప్రతిపాదనే కాని రుజువైన సత్యం కాదు. వంశపారంపర్య కారణాలను కూడా నిపుణులు ప్రస్తావిస్తారు. అందువల్ల పచ్చిమాంసం పెడితే కణితి రాదని హామీ ఇవ్వడం శాస్త్రసమ్మతం కాదు.

4. ఎర వేరు, మాంసం వేరు:

పోల్‌క్యాట్ అడవిలో తినేది ‘మాంసం’ కాదు, కుందేలును, ఎలుకను, కప్పను తింటుంది. అంటే కండతోపాటు ఎముక, కాలేయం, గుండె, రక్తం, చర్మం అన్నీ దాని ఆహారంలో భాగాలు. కసాయి దుకాణంలో దొరికే ఎముకలేని కండ ఈ మొత్తంలో ఒక ముక్క మాత్రమే.

ఈ భేదం కాల్షియం విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. ఆహారంలో కాల్షియం, భాస్వరం ఇంచుమించు సమానంగానో, కాల్షియం కొంత ఎక్కువగానో ఉండాలి. ఉత్త కండలో కాల్షియంకంటే భాస్వరం పదిహేను, ఇరవై రెట్లు అధికం. కండనే తిని పెరిగే పిల్ల ఫెరెట్ శరీరం రక్తంలో కాల్షియం స్థాయిని నిలబెట్టుకోవడానికి తన ఎముకలనే కరిగించుకుంటుంది. ఎముకలు బలహీనపడి విరుగుతాయి. ఇక్కడ లోపం మాంసం పచ్చిగా ఉండడంలో లేదు, అసంపూర్ణంగా ఉండడంలో ఉంది.

కండ 80, ఎముక 10, అవయవాలు 10 పాళ్ళన్న సూత్రం పెంపకందారులలో ప్రసిద్ధం. ఇది బరువుల నిష్పత్తే కాని పోషకాల కొలత కాదు. ఎవరి ఎముక, ఏ అవయవం అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. కాలేయం మోతాదు మించితే విటమిన్-ఎ విషంగా పరిణమిస్తుంది. పచ్చి గుడ్డు తెల్లసొన మితిమీరితే బయోటిన్ అందకుండా పోతుంది. కొన్ని పచ్చి చేపలలో విటమిన్-బి1ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. 1930 దశకంలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బొచ్చుకోసం పెంచే నక్కలు పచ్చి చేపలు తిని పక్షవాతానికి గురైన ఉదంతం వల్లనే ఈ విషయం వెలుగులోకి వచ్చింది. చేపా సహజాహారమే, పచ్చిదే; అయినా అది ప్రాణం తీసింది.

ప్రమాణాల కొరత మరొక చిక్కు. అమెరికాలో పశ్వాహార నియంత్రణ అధికారుల సంఘమైన ఆఫ్కో కుక్కలకు, పిల్లులకు పోషక ప్రమాణాలను నిర్దేశించింది, ఫెరెట్లకు నిర్దేశించలేదు. 1982లో అమెరికా జాతీయ పరిశోధన మండలి వెలువరించిన గ్రంథం మింక్‌లకు, నక్కలకు సంబంధించినది. ఫెరెట్ పోషణకు వీటినే ఆసరా చేసుకోవలసి వస్తున్నది. కాబట్టి పొట్లంపై ఉండే ‘సంపూర్ణ ఆహారం’ అన్న మాట ఏ జంతువును ఉద్దేశించినదో చదివి తెలుసుకోవాలి.

5. శీతల శుష్కీకరణ:

ఫ్రీజ్ డ్రయింగ్ అనే ప్రక్రియను తెలుగులో శీతల శుష్కీకరణ అనవచ్చు. తెలుగునాట ఉప్పు, పసుపు పట్టించి ఎండలో ఆరబెట్టే ఎండు తునకలకూ దీనికీ పోలిక పేరులోనే. ఎండు తునకలను ఉప్పు కాపాడుతుంది. తినేముందు పొయ్యి మీద ఉడుకుతాయి. శీతల శుష్కీకరణలో ఉప్పు లేదు, వేడి అతిస్వల్పం. మాంసాన్ని గడ్డకట్టించి, గాలిని తొలగించిన గదిలో ఉంచుతారు. ఆ అల్పపీడనంలో మంచు నీరుగా మారకుండానే ఆవిరవుతుంది. కర్పూరం కరగకుండానే హరించుకుపోవడం వంటిదే ఇది. శాస్త్ర పరిభాషలో దీని పేరు ఉత్పతనం.

100 గ్రాముల మాంసంలో 70 గ్రాముల నీరు ఉంటే, ఎండిన తర్వాత మిగిలేది ఇంచుమించు 31 గ్రాములు. దానిని తిరిగి పూర్వస్థితికి తేవడానికి దాని బరువుకు రెట్టింపుకు పైగా నీరు కావాలి. తడపకుండా పెట్టినప్పుడు జంతువు ఆ మేరకు నీరు తాగవలసి ఉంటుంది. కాబట్టి గోరువెచ్చని నీటిలో నానబెట్టి పెట్టడం మేలు.

పొట్లాలపై ఉండే అంకెలను పోల్చేటప్పుడు కూడా నీటిని మినహాయించాలి. ఒక పచ్చి ఆహారంలో నీరు 70 శాతం, మాంసకృత్తులు 15 శాతం అనుకుందాం. మిగిలిన 30 పాళ్ళ ఘనపదార్థంలో 15 అంటే మాంసకృత్తులు 50 శాతం. గుళికలో నీరు 10 శాతం, మాంసకృత్తులు 36 శాతం అనుకుంటే ఘనపదార్థంలో వాటి పాలు 40 శాతం. పైకి 36 పెద్దదిగా, 15 చిన్నదిగా కనిపించినా వాస్తవం తారుమారు.

పొడి మాంసం చేతికి అంటదు, వాసన రాదు, గది వాతావరణంలో నిలవ ఉంటుంది. ఈ శుభ్రమైన రూపమే అపోహకు తావిస్తున్నది. నీరు లేకపోతే సూక్ష్మజీవులు పెరగవు. అంతమాత్రాన అవి చనిపోయినట్లు కాదు. ప్రయోగశాలలలో సూక్ష్మజీవులను ఏళ్ళ తరబడి సజీవంగా భద్రపరచడానికి వాడే పద్ధతి కూడా శీతల శుష్కీకరణే. పొట్లంలో నిద్రిస్తున్న సాల్మొనెల్లా నీరు తగలగానే మేల్కొనగలదు. కొందరు తయారీదారులు మాంసాన్ని అత్యధిక పీడనానికి గురిచేసి ఈ ప్రమాదాన్ని తగ్గిస్తారు. ఆ ప్రక్రియ జరిగిందో లేదో పొట్లం చూసిగాని, అడిగిగాని తెలుసుకోవాలి. అది జరగనప్పుడు శీతలశుష్క మాంసాన్ని పచ్చిమాంసంగానే భావించి మెలగాలి.

6. సూక్ష్మజీవులు – ఇంటి ఆరోగ్యం:

అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010–2012 మధ్య జరిపిన పరీక్షలలో 196 పచ్చి పశ్వాహార నమూనాలలో 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా మోనోసైటోజెనిస్ బయటపడ్డాయి. 2012లో అమెరికా పశువైద్య సంఘం కుక్కలకు, పిల్లులకు శుద్ధిచేయని పచ్చి జంతు మాంసకృత్తులు పెట్టవద్దన్న విధానాన్ని ఆమోదించింది. జంతువు ఆరోగ్యంగా కనిపిస్తూనే మలం ద్వారా ఈ క్రిములను వ్యాపింపజేయగలదు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇంట ఇది చిన్న విషయం కాదు.

ఫెరెట్ ఎత్తుకుపోయి దాచుకునే జంతువన్న విషయం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. పళ్ళెంలో పెట్టిన మాంసం ముక్క కాసేపటికి పరుపు కిందకో, బీరువా వెనుకకో చేరుతుంది. పొడి గుళిక అలా దాగితే పెద్ద హాని లేదు; పచ్చిమాంసం కుళ్ళుతుంది. పెట్టిన చోటనే తినేటట్లు చూడడం, మిగిలినదాన్ని వెంటనే తీసివేయడం, దాచుకునే మూలలను రోజూ వెతకడం పచ్చిమాంస పోషణలో తప్పనిసరి భాగాలు.

ఇన్‌ఫ్లూయెంజా విషయంలో ఫెరెట్‌ది ప్రత్యేక స్థానం. 1933లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, ప్యాట్రిక్ లెయిడ్‌లా అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు మానవ ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌ను ఫెరెట్ల సహాయంతోనే కనుగొన్నారు. ఫెరెట్ నుండి మనిషికి ఆ వ్యాధి సోకిన ఉదంతాన్ని స్మిత్, స్టువర్ట్-హారిస్ 1936లో ప్రకటించారు. మనిషి ఫ్లూ ఫెరెట్‌కూ, ఫెరెట్ ఫ్లూ మనిషికీ అంటుకోగలవన్నమాట. 2024 డిసెంబరులో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పచ్చి టర్కీకోడి మాంసంతో చేసిన ఆహారం తిన్న ఇంటి పిల్లి హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూతో మరణించింది. 2025 జనవరిలో పిల్లులు, కుక్కల పచ్చి ఆహార తయారీదారులు ఈ వైరస్ ముప్పును కూడా లెక్కలోకి తీసుకుని తమ భద్రతా ప్రణాళికలను సమీక్షించాలని ఆహార, ఔషధ సంస్థ ఆదేశించింది. ఆ ఆదేశంలో ఫెరెట్ పేరు లేకపోయినా ఇన్‌ఫ్లూయెంజాకు సులభంగా లోబడే ఈ జంతువును పెంచేవారు దానిని తమకు వర్తించేదిగానే గ్రహించాలి.

7. వాసన, వయసు, అలవాటు:

ఫెరెట్ ఆహారాన్ని ప్రధానంగా వాసనతో గుర్తిస్తుంది. పుట్టిన 60వ రోజుకూ 90వ రోజుకూ మధ్య రుచి చూసిన ఆహారపు వాసనలే దాని మనసులో ముద్రపడతాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు రైముండ్ అప్ఫెల్‌బాక్ పరిశోధనలు తెలిపాయి. ఆ ప్రాయంలో గుళికలు మాత్రమే ఎరిగిన జంతువు పెద్దయ్యాక ఎదుట ఉన్న మాంసాన్ని ఆహారంగానే గుర్తించకపోవచ్చు. తన పూర్వికుల సహజాహారమే దానికి అపరిచితమవుతుంది.

‘ఆకలేస్తే అదే తింటుంది’ అన్న లోకోక్తి ఇక్కడ ప్రమాదకరం. కొద్ది గంటల్లో ఆహారం జీర్ణమైపోయే జంతువును, ముఖ్యంగా క్లోమంలో కణితి ఉన్నదాన్ని పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోతుంది. పాత ఆహారంలో కొత్తదాన్ని చిటికెడు కలిపి, వారాల తరబడి నెమ్మదిగా పెంచుతూ, బరువును తూచి చూసుకుంటూ మార్చాలి. పిల్లగా ఉన్నప్పుడే రకరకాల ఆహారాలను రుచి చూపించడం అన్నిటికన్నా ఉత్తమం.

8. ముగింపు:

• ఫెరెట్‌కు జంతు సంబంధమైన ఆహారమే తగినదన్న పచ్చిమాంస పక్షం మూలసూత్రం సరైనది. అది పచ్చిగానే ఉండి తీరాలన్నది ఆ సూత్రం నుండి రాదు.

• ఉత్త కండ సంపూర్ణాహారం కాదు. ఎముక, అవయవాలు లేని పచ్చిమాంసంకంటే సరైన పాళ్ళలో తయారైన మాంసప్రధానమైన గుళిక మేలు.

• శీతల శుష్కీకరణ నిలవ ఉంచే పద్ధతే తప్ప శుద్ధిచేసే పద్ధతి కాదు.

• వండిన మాంసం క్రిముల భయాన్ని తగ్గిస్తుంది. వండినప్పుడు ఎముకను తొలగించి, కాల్షియంను, నీటిలోకి పోయే టారిన్ వంటి పోషకాలను పశువైద్యుని సలహాతో భర్తీ చేయాలి.

• ఏ ఆహారమైనా ఆ జంతువు వయసు, ఆరోగ్యం, పూర్వపు అలవాటు తెలుసుకున్న తర్వాతనే ఎంచుకోవాలి.

పాలరొట్టె పెట్టినవారు ఫెరెట్‌లో తమనే చూసుకున్నారు. ఉత్త కండ పెట్టేవారు దానిలో అడవిని చూస్తున్నారు. నిజానికి అది రెండువేల ఏళ్ళుగా మనిషి చేతి మీద ఆధారపడిన జంతువు. తన ఎరను తాను ఎంచుకునే అవకాశం దానికి లేదు. ఆ ఎంపికను తనపై వేసుకున్న మనిషి, ఎరలో ఏమేమి ఉండేవో పూర్తిగా తెలుసుకుని సమకూర్చవలసి ఉంటుంది.