మంచుదారిలో ముందుచక్రముల కారు

జూబిలీ హిల్సులో కాపురముండువానికి మంచుదారుల గొడవ యేల యని కొందరనుకొనవచ్చును. మా కొండలమీద మంచు కురియదు. సినిమావారికి మంచు కావలసివచ్చినచో కాగితపు తునకలతోను, నురుగుతోను కల్పించుకొందురు. ఆ మంచుపై కథానాయకుడు కారు నెంత వడిగా మళ్లించినను జారడు. కాని నేడు మన పల్లెలనుండి చదువులకును ఉద్యోగములకును అమెరికా, కెనడా దేశములకు పోయిన పిల్లలు వేలకొలది యున్నారు. వారు మొదట కొనునది తరచుగా పాతబడిన కొరోలాయో సివిక్కో అయియుండును. ఈ రెండును ఇంజను ముందుచక్రములను త్రిప్పెడి జాతివి. శీతకాలము రాగానే, పుట్టినది మొదలు ఎన్నడు నెరుగని దారిమీద వారు ఆ బండిని నడుపవలసి వచ్చును. నేను మిషిగను రాష్ట్రమున మా అబ్బాయి యింట రెండు శీతకాలములు గడపి, ఆ దారులపై కారు నడిపినవాడను. అందుచేత ఈ సంగతి పెద్దల కెరిగింపదలచితిని.

ముందుచక్రముల కారనగా నేమి? బండిని ఎద్దులు ముందునుండి లాగును. తోపుడుబండిని మనిషి వెనుకనుండి త్రోయును. మనమెల్లర మెరిగిన అంబాసిడరు (దాని తయారీ 2014లో నిలిచిపోయినది) తోపుడుబండి వంటిది. దాని ఇంజను ముందున్నను బలము వెనుకచక్రములకు పోవును. 1983లో వచ్చిన మారుతి 800 ఎద్దుబండి వంటిది. ఇంజను బరువంతయు ముందుచక్రములమీదనే పడుటచేత అవి నేలను గట్టిగా నదిమిపట్టును. కావున మంచులో కదలి ముందుకు సాగుటకు ఈ రకపు కారు మేలైనదే. చిక్కంతయు ఇక్కడనే యున్నది. కదలుట సులభమైనందున, ఆగుటయు నంతే సులభమని నడుపువాడు నమ్మును.

ఆ ముందుచక్రములు రెండును మూడు పనులు చేయుచున్నవి: బండిని లాగుట, మలుపు త్రిప్పుట, ఆపుటలో పెద్దపాలు మోయుట. మూడింటికిని ఖర్చగునది టైరునకు నేలపై గల పట్టు ఒక్కటే. అది గాదెలోని ధాన్యము వంటిది. ఎండిన తారురోడ్డుమీద గాదె నిండుగా నుండును గాన ఎట్లు వాడినను చెల్లును. మంచుమీద అడుగున నాలుగు గింజలుండును. వానిని బ్రేకునకు ఖర్చుచేసితిమా, మలుపునకు మిగులదు. అందుచేత మలుపు రాకముందే, దారి తిన్నగా నున్నప్పుడే, మెల్లగా బ్రేకువేసి వడి తగ్గించుకొనవలెను. పిమ్మట బ్రేకు విడిచి త్రిప్పవలెను. కారు తిన్ననైన తరువాతనే ఆక్సిలరేటరు నొక్కవలెను.

గంటకు 50 కిలోమీటర్ల వడితో పోవు కారు, బ్రేకు పట్టిన పిమ్మట, ఎండిన రోడ్డుపై సుమారు 14 మీటర్లలో నిలుచును. అణగిన మంచుపై దానికి 50 మీటర్లు కావలెను. నున్నని మంచుగడ్డపై నూరు మీటర్లు. వడిని సగము చేసితిమా, ఆ దూరము నాలుగవవంతున కిగును. మంచులో నిదానమునకు మించిన యంత్రమింకను పుట్టలేదు. బ్రేకు పట్టినను చక్రములు బిగిసిపోకుండ చూచెడి ఏ.బి.ఎస్. అను నమరిక నేటి కార్లలో నున్నది. అది పనిచేయునప్పుడు పాదము క్రింద పెడలు గడగడ లాడును. బెదరి పాదము తీయరాదు, అట్లే నొక్కియుంచవలెను. అయినను అది లేని పట్టును పుట్టింపజాలదు.

మన భాషలో పైరుమీద పడునదియు మంచే, ఆకాశమునుండి దూదివలె రాలునదియు మంచే, నీరు గడ్డకట్టినదియు మంచే. నడుపువానికి ఇవి వేరువేరు. అన్నిటికంటె అపాయకరమైనది నల్లమంచు. అది గాజుపొరవలె పలుచనై, క్రింది తారు కనబడుటచే తడిరోడ్డువలె తోచును. మిక్కిలి చలిలోకంటె, నీరు గడ్డకట్టుటకును కరుగుటకును నడుమనున్న సున్న డిగ్రీల దగ్గరనే మంచు ఎక్కువగా జారును. వంతెనలపై మరింత జాగ్రత్త వలయును. దుర్గం చెరువుమీద 2020లో తెరచిన తీగల వంతెన వంటిది చలిదేశమున నున్నచో, దానికి క్రిందనుండియు గాలి తగులుటవలన, ఇరుప్రక్కల రోడ్డుకంటె ముందుగా అదియే గడ్డకట్టును.

ఎక్కుడుదారి ఈ కారునకు పరీక్ష. ఎక్కునప్పుడు బరువు వెనుకకు ఒరిగి ముందుచక్రములు తేలికపడును. తొలకరివానకు మా కొండదారులపై వేసవి యంతయు పేరుకొన్న నూనెయు ధూళియు జిడ్డై, ఎక్కుడులో నాగిన కార్ల ముందుచక్రములు గిర్రున తిరుగుట నేను పలుమారు చూచితిని. మంచులో నిది పదిరెట్లు. కావున వాలు మొదలుకాకముందే కొంత వడి నందుకొని, నడుమ నాగక ఎక్కవలెను. ఎవరును లేని చోట కారును త్రిప్పి వెనుకగేరులో ఎక్కించు నుపాయము కూడ కలదు. అప్పుడు బరువు ఇంజనున్న చక్రములమీదికే వచ్చును. పూర్వము వెనుకచక్రముల కార్లవారు డిక్కీలో ఇసుకమూటలు వేసుకొనెడివారు. ఈ కారునకు ఆ పద్ధతి పనికిరాదు. వెనుక బరువైనకొలది ముందు తేలికయగును. చక్రముల ముందు చల్లుటకు ఒక చిన్నమూట చాలును.

టైర్ల విషయమున పిల్లలు డబ్బు మిగుల్చుకొనుటకు చూతురు. సామాన్యపు రబ్బరు 7 డిగ్రీలకు దిగువన గట్టిపడును. శీతకాలపు టైరు మెత్తగానే యుండును. బలము ముందునకే పోవుచున్నది గదా యని ముందు రెంటికి మాత్రమే ఈ టైర్లు వేయించుట మిక్కిలి అపాయము. ముందు పట్టి వెనుక జారినచో కారు గింగిరాలు తిరుగును. నాలుగును మార్చవలెను. కెనడాలోని క్విబెకు రాష్ట్రమున డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు కార్లకు ఈ టైర్లుండవలెనని చట్టమే కలదు.

ఇంత చేసినను జారవచ్చును. స్టీరింగు త్రిప్పినను కారు తిన్నగా పోవుచున్నచో ముందుచక్రములు జారినవని యర్థము. అప్పుడు ఇంకను త్రిప్పుట వ్యర్థము. ఆక్సిలరేటరునుండి పాదమును మెల్లగా తీసి, త్రిప్పిన స్టీరింగును కొంచెము వదలి, చక్రములు మరల పట్టువరకు ఓర్చుకొనవలెను. వెనుకభాగము ప్రక్కకు పోయినచో బ్రేకు ముట్టక, పోదలచిన దిక్కునకే చూపు నిలిపి, ఆ దిక్కునకే త్రిప్పవలెను. మంచులో కూరుకొనిపోయి కారులోనే కూర్చుండవలసి వచ్చినప్పుడు, వెచ్చదనమునకై ఇంజను నడుపుటకు ముందు పొగగొట్టము చుట్టును మంచు తొలగింపవలెను. లేనిచో వాసనలేని విషవాయువు లోనికి వచ్చి, నిద్రలోనే ప్రాణము తీయును.

పెద్దలతో ఇంకొక మాట. శీతకాలమున మనకు సాయంకాలము ఆరున్నర గంటలైనప్పుడు మిషిగనులో ఉదయము ఎనిమిది. మనము దీపము పెట్టుకొని తీరికగా ఫోను తీయు ఆ వేళకే పిల్లవాడు మంచుదారిలో స్టీరింగు పట్టుకొనియుండును. రాత్రి ఎనిమిదిన్నర దాటిన పిమ్మట పిలిచినచో పనిచోటికి చేరియుండును.