గోరంత తీగే... రవ్వకు కాపలా!

ఉంగరం కొనేటప్పుడు అందరి చూపూ రాయి మీదే. ఎన్ని క్యారెట్లు, ఏం రంగు, మెరుపు ఎలా ఉంది... అన్నీ అడుగుతారు. ఆ రాయిని పట్టుకుని కూర్చున్న తీగల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అది ఊడిపోయేదాకా!

చపాతీపిండి కలిపి, చేయి కడుక్కుని చూసుకుంటే... ఉంగరం ఉంది, రాయి లేదు. పిండిముద్దంతా చిదిమి చూస్తారు, సింకు కింద గొట్టం విప్పుతారు, చీపురు పట్టి మూలమూలలా ఊడుస్తారు. చాలా ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు జరిగిన కథే ఇది. దొంగ ఎక్కడో లేడు, ఆ ఉంగరం మీదే ఉన్నాడు. రాయిని పట్టుకోవాల్సిన తీగల్లో ఒకటి అరిగిపోయింది, లేదా కాస్త పైకి లేచింది. నగల దుకాణాల్లో వీటినే ప్రాంగ్‌లు అంటారు. చూడ్డానికి అచ్చం పక్షి గోళ్లే.

అమ్మమ్మల నాటి రవ్వల దుద్దులకు చాలావాటికి ఈ బెంగ లేదు. రాయి చుట్టూ, అడుగునా బంగారం మూసేసి ఉండేది. ఊడటం అరుదు. కానీ వెలుగు లోపలికి పోయే దారీ ఉండదు. 1886లో న్యూయార్క్‌కు చెందిన టిఫనీ సంస్థ వజ్రాన్ని ఆరు గోళ్ల మీద ఉంగరానికి పైఎత్తున నిలబెట్టింది. నలువైపుల నుంచీ వెలుతురు తగిలేసరికి రాయి ధగధగలాడింది. గుండ్రటి ఒక క్యారెట్ వజ్రం బరువు 200 మిల్లీగ్రాములు, వెడల్పు సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు. లక్షల విలువ చేసే ఆ కాస్త రాయీ ఆధారపడేది అర డజను తీగల మీద!

చేత్తో చేసే పనిలో మొదట బంగారాన్ని కమ్మచ్చు రంధ్రాల్లోంచి లాగి సన్నటి తీగ తీస్తారు. దాంతో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది రెండు రింగులు చుట్టి, వాటికి నిలువుగా నాలుగో ఆరో తీగలు అతికిస్తారు. వెలిగారం పూసి టంకం పెడితే చిన్న బుట్ట తయారు. ఇంతవరకూ పని సులువే. అసలు పరీక్ష రాయి చేతికొచ్చాకే.

రాయికి అన్నిటికన్నా వెడల్పైన చోటు నడుము. అది ఆనేలా ప్రతి తీగకూ లోపలివైపు గాడి కొయ్యాలి. తీగ మందంలో మూడో వంతు దాకా కోస్తే చాలు. సగం దాటితే తీగ మెడ విరిగినట్టే. గాళ్లన్నీ ఒకే ఎత్తులో లేకపోతే రాయి పక్కకు ఒరుగుతుంది. ఉంగరాన్ని కదలకుండా లక్కలో బిగించి, రాయిని కూర్చోబెట్టి, ఎదురెదురు గోళ్లను కొద్దికొద్దిగా వంచుతారు. కారు చక్రానికి నట్లు బిగించినట్టన్నమాట. ఒక వైపే నొక్కేస్తే రాయి జారుతుంది, లేదంటే అంచు పెచ్చు లేస్తుంది.

వజ్రం పగలదని చాలామంది ధీమా. గీత పడటంలో దానికి సాటిలేదు, మోస్ కొలమానంలో పదికి పది. కానీ కొన్ని దిశల్లో దెబ్బ తగిలితే చీలిపోతుంది. పచ్చతో మరీ కష్టం. లోపల సహజంగానే సన్నటి చీలికలు ఉంటాయి. చేయి కాస్త బరువు పడిందా... 'టిక్' అని చిన్న చప్పుడు. అంతే, వారం కూలి కాదు, ఏడాది కూలి పోయినా తీరని నష్టం. అందుకే ఇంట్లోని పాత పచ్చను కొత్త ఉంగరంలో పొదగమంటే 'పగిలితే మాది పూచీ కాదు' అని ముందే చెప్పేస్తారు కొందరు పనివాళ్లు. అది పని రాక కాదు, పచ్చ గురించి బాగా తెలిసి!

ఇంకో పేచీ బంగారంతో. మనవాళ్లకు 22 క్యారెట్లయితేనే తృప్తి. అందులో 91.6 శాతం మేలిమి ఉంటుంది కాబట్టి మెత్తన. గోళ్లు తొందరగా వంగుతాయి. 75 శాతం బంగారం ఉండే 18 క్యారెట్లది గట్టిగా ఉంటుంది. వజ్రాల నగలు ఎక్కువగా అందులోనే చేసేది ఇందుకే. 'బంగారం తగ్గించారు' అని షాపులో గొడవపడేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి వింటే బాగుండు.

ఎంత బాగా చేసినా గోళ్లు అరుగుతాయి. అరిగినవాటి మీద కొత్త బంగారం అతికించి మళ్లీ మొన తేల్చవచ్చు. వజ్రమైతే జాగ్రత్త పడి రాయి ఉండగానే సెగ చూపించేవాళ్లున్నారు. పచ్చ, ముత్యం, ఓపల్ అయితే తీసి పక్కన పెట్టాల్సిందే, వేడికి ఆగవు. ఉంగరాన్ని దూది మీద రాసి చూడండి, పీచు చిక్కుకుంటే ఏదో గోరు లేచినట్టు. చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టండి. లోపల సన్నగా టకటకమందా... ఆ ఉంగరం బాగయ్యేదాకా బీరువాలోనే!