కణితిని చదివే యంత్రం

అమ్మ బియ్యం ఏరుతూ ఉంటే పక్కన కూర్చుని చూశారా? చేటలో బియ్యం పలచగా పరచి, చూపు అటూ ఇటూ తిప్పుతుంది. అంతలో ఆమె వేలు పోయి సరిగ్గా రాయి మీద వాలుతుంది. "అది రాయి అని నీకెట్లా తెలిసిందే?" అని అడిగితే, "కనబడటం లేదూ?" అంటుంది. అంతకన్న చెప్పలేదు. ఏళ్ళ తరబడి చూసిన కన్ను అది.

పెద్ద ఆస్పత్రులలో ఇట్లాంటి కన్ను గల వైద్యులు ఉంటారు. వాళ్ళను పెథాలజిస్టులంటారు. రోగి ఒంట్లో కణితి లేస్తే, దానిలోంచి చిన్న ముక్క తీసి వీళ్ళకు పంపుతారు. ఆ ముక్క చుట్టూ మైనం పోసి గట్టిపరచి, పొరలుగా కోస్తారు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో నాలుగైదు భాగాల మందం మాత్రమే ఉంటుంది ఒక్కొక్క పొర! అంత పలచని పొరలో ఏ రంగూ కనిపించదు కనక దానికి రెండు అద్దకాలు వేస్తారు. ఒకటి మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవలోంచి తీసిన రంగు; అది కణాల లోపలి కేంద్రకాలకు పట్టి, వాటిని ముదురు ఊదాగా చేస్తుంది. మన కలంకారీ అద్దకంలో లాగే ఇది పట్టటానికి కూడా పటిక కావాలి. రెండవది ఇయోసిన్ అనే రంగు. అది మిగతా భాగాన్నంతా గులాబీగా మారుస్తుంది.

ఇక పెథాలజిస్టు దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తాడు. అది కేన్సరు అవునో కాదో చెప్పటంతో పని తీరదు. అది మెల్లగా పెరిగేదా, ఒళ్ళంతా పాకేదా అన్నది కూడా తేల్చాలి. నెమ్మదైన దానికి ఘాటైన మందులిస్తే రోగి వృథాగా బాధపడతాడు. పాకే దాన్ని నెమ్మదైనదనుకుంటే ప్రాణానికే ముప్పు.

1957లో బ్లూమ్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు బ్రిటిషు వైద్యులు రొమ్ము కేన్సరు విషయంలో ఇందుకొక లెక్క చెప్పారు. కణాలు ఇంకా గొట్టాల్లాగా వరసన అమరి ఉన్నాయా? కేంద్రకాలు ఒకే తీరుగా ఉన్నాయా, చిన్నా పెద్దా అయినాయా? ఎన్ని కణాలు రెండుగా చీలుతున్నాయి? ఈ మూడు గుర్తులకూ మార్కులు వేసి కూడాలి. కొద్ది మార్పులతో ఈ లెక్క ఇప్పటికీ వాడుకలో ఉన్నది. అయితే ఒకే పొరను చూసి ఇద్దరు వైద్యులు వేరు వేరు మార్కులు వేయటం కూడా కద్దు.

ఇక్కడికి కంప్యూటరు ఎట్లా వచ్చిందో చూద్దాం. ఈ పత్రికలోని రంగుల బొమ్మ ఒకదాన్ని భూతద్దంతో చూడండి. బొమ్మ మాయమై, చుక్కలు కనిపిస్తాయి. కంప్యూటరులో బొమ్మ కూడా అట్లాంటి చుక్కల పోగే. ఒక్కొక్క చుక్కకు మూడు అంకెలుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. ఒక్కొక్క అంకె సాధారణంగా 0 నుంచి 255 లోపు ఉంటుంది. మూడూ 255 అయితే ఆ చుక్క తెల్లన. మూడూ సున్నా అయితే నల్లన. ముదురు ఊదా కేంద్రకం ఉన్నచోట అంకెలు చిన్నవవుతాయి. అట్లా చిన్న అంకెల చుక్కలు గుంపుగా ఉన్నచోటును యంత్రం కేంద్రకమని పట్టుకుంటుంది. ఆ తరవాత దాని పొడవు, వెడల్పు, పక్కదానికి ఎంత దూరం, అన్నీ కొలవవచ్చు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఆండ్రూ బెక్ అనే పెథాలజిస్టూ, డాఫ్నీ కోలర్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞురాలూ, వారి తోటివారూ కలిసి చేసిన పని 2011లో వెలువడింది. వైద్యులు మూడు గుర్తులు చూస్తే, వారి యంత్రం ఒక్కొక్క బొమ్మలో 6,642 కొలతలు తీసింది! నెదర్లాండ్సులోని 248 మంది రోగుల బొమ్మలూ, వాళ్ళు తరవాత ఎన్నాళ్ళు బతికారన్న సంగతీ దానికిచ్చి, ఏ కొలతలకు రోగి బతుకుతో సంబంధం ఉన్నదో తేల్చుకోమన్నారు. తరవాత కెనడాలోని వాంకూవరుకు చెందిన 328 మంది బొమ్మలతో దాన్ని పరీక్షించారు. యంత్రం పరీక్ష నెగ్గింది.

నాకు మటుకు అన్నిటికన్న వింతగా తోచింది మరొకటి. ఎన్నో ఏళ్ళుగా మార్కులన్నీ కేన్సరు కణాలకే వేస్తూ వచ్చారు గదా! యంత్రం పట్టుకున్న బలమైన గుర్తులలో కొన్ని కేన్సరు కణాలలో లేవు; వాటి చుట్టూ ఉండే మామూలు కణజాలంలో ఉన్నాయి. దొంగ సంగతి తెలుసుకోవటానికి అతని ఇరుగుపొరుగును చూసినట్టయింది!

అట్లా అని వైద్యుల కన్ను తక్కువదనుకోకండి. నెదర్లాండ్సువారు 2016లో ఒక పోటీ పెట్టారు. రొమ్ము కేన్సరు రోగుల లింఫు గ్రంథులలోకి కేన్సరు పాకిందో లేదో 129 పలకలు చూసి చెప్పాలి. సుమారు రెండు గంటల గడువులో చూసిన 11 మంది వైద్యుల కన్న మేటి యంత్రం బాగా చెప్పింది. కాని గడువు లేకుండా అవే పలకలను 30 గంటలు చూసిన ఇంకొకరు, పోటీలోని మంచి యంత్రాలకు సాటిగా నిలిచారు. అయితే ఒక్కొక్కసారి 30 గంటలు ఏ వైద్యుడికి దొరుకుతాయి?

యంత్రం బోల్తాపడిన కథ కూడా ఒకటున్నది. స్టాన్‌ఫర్డులోనే మరి కొందరు, చర్మం మీది మచ్చల ఫోటోలు చూసి కేన్సరును గుర్తించటం యంత్రానికి నేర్పారు. తరవాత పరీక్షించి చూస్తే, ఫోటోలో కొలబద్ద కనిపించినప్పుడల్లా అది "కేన్సరే" అనటానికి మొగ్గుతున్నదట! ఎందుకో ఊహించారా? వైద్యులు తమకు అనుమానం కలిగిన మచ్చల పక్కనే కొలబద్ద పెట్టి ఫోటో తీస్తారు. పాపం, యంత్రం మచ్చతోపాటు కొలబద్దను కూడా చదువుకున్నది. ఈ సంగతిని ఆ పరిశోధకులే 2018లో దాచకుండా బయటపెట్టారు.