అయిదడుగుల పిడుగు

1923 జూన్ 18. న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్. రింగులో ఒకవైపు జిమ్మీ వైల్డ్... వేల్స్ బొగ్గు గనుల్లో పెరిగి, 1916 నుంచీ ఫ్లైవెయిట్ విభాగాన్ని ఏలుతున్న ప్రపంచ ఛాంపియన్. ఎదురుగా ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వచ్చి ఏడాది గడిచిన ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు, పాంచో విల్లా.

వైల్డ్‌ది విచిత్రమైన పద్ధతి. చేతులు నడుము దగ్గరికి దించేసి, తల అటూ ఇటూ తప్పిస్తూ ప్రత్యర్థిని ఊరిస్తాడు. అవతలివాడు పంచ్ విసిరి గురి తప్పగానే తన దెబ్బ వేస్తాడు. విల్లా ఆ సందు ఇవ్వలేదు. రెండు చేతులతో ఎడతెరిపి లేకుండా మీద పడ్డాడు. రెండో రౌండు చివర తగిలిన దెబ్బకు వైల్డ్ బాగా దెబ్బతిన్నాడు. విల్లా గంట మోగాక కొట్టాడన్న ఆరోపణా వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ల వైల్డ్ రింగు ఎక్కి అప్పటికి రెండేళ్లు దాటింది. అయినా ఏడో రౌండు దాకా పట్టు వదల్లేదు. అప్పుడు కుప్పకూలాడు.

ఆసియాకు తొలి ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ దొరికాడు.

బూటు పాలిష్ నుంచి బరిలోకి

అసలు పేరు ఫ్రాన్సిస్కో గిలెడో. 1901 ఆగస్టు 1న నీగ్రోస్ దీవిలోని ఇలోగ్‌లో పుట్టాడు. పసితనంలోనే తండ్రి వదిలి వెళ్లిపోయాడు. పొట్ట చేతపట్టుకుని ఇలోయిలో పట్నం చేరి బూట్లు పాలిష్ చేశాడు, అక్కడి నుంచి మనీలా వెళ్లాడు. అప్పుడు ఫిలిప్పీన్స్ అమెరికా పాలనలో ఉంది. అమెరికా సైనికుల వెంట వచ్చిన బాక్సింగ్‌కు 1921లో చట్టబద్ధత దక్కింది. మరుసటి ఏడాదే ప్రమోటర్ ఫ్రాంక్ చర్చిల్ విల్లాను అమెరికా తీసుకెళ్లాడు.

ఎత్తు అయిదడుగుల పైన ఓ అంగుళం. ఫ్లైవెయిట్ పరిమితి 112 పౌండ్లు, అంటే 51 కిలోల లోపు. 1922 సెప్టెంబరులో బ్రూక్లిన్‌లో జానీ బఫ్‌ను పదకొండో రౌండులో పడగొట్టి అమెరికన్ ఫ్లైవెయిట్ టైటిల్ గెలిచాడు. 1923 మార్చిలో ఒలింపిక్ స్వర్ణ విజేత ఫ్రాంకీ జెనారో దాన్ని లాగేసుకున్నాడు. అయితే వైల్డ్‌తో పోరుకు జెనారో దగ్గర డబ్బు బేరం తెగలేదు. అవకాశం విల్లాను వెతుక్కుంటూ వచ్చింది.

ఒక పన్ను ఖరీదు

ప్రపంచ టైటిల్‌ను రింగులో అతని నుంచి ఎవరూ గుంజుకోలేకపోయారు. 1925 మేలో మనీలాలో సొంత జనం ముందు క్లెవర్ సెన్సియోపై దాన్ని నిలబెట్టుకున్నాడు.

రెండు నెలలకే కాలిఫోర్నియాలో జిమ్మీ మెక్‌లార్నిన్‌తో బౌట్. టైటిల్‌తో సంబంధం లేని పది రౌండ్ల పోటీ. జులై 4న, పన్ను పీకించుకున్న రోజునే, వాచిన దవడతో రింగు ఎక్కాడు. ఒక చేత్తో దవడ కాచుకుంటూ పది రౌండ్లూ నిలిచి, పాయింట్లతో ఓడాడు. బెల్టు పోయే ప్రమాదం లేని ఆ పోటీని వాయిదా వేయించి ఉండాల్సింది. అతని చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరూ ఆ పని చేయలేదు. తర్వాత మరికొన్ని పళ్లు తీసినా ఇన్ఫెక్షన్ గొంతుకు పాకింది. దాన్ని ఆపే యాంటీబయాటిక్ మందులు అప్పటికి లేవు, పెన్సిలిన్‌ను ఫ్లెమింగ్ కనుగొన్నదే 1928లో. జులై 14న శాన్ ఫ్రాన్సిస్కోలో విల్లా కన్నుమూశాడు. ఇరవై నాలుగేళ్లు నిండడానికి మూడు వారాలు కూడా లేవు.

1994లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ అతనికి చోటిచ్చింది. 1998లో మరో ఫిలిప్పీన్స్ కుర్రాడు మానీ పకియావ్ తన తొలి ప్రపంచ టైటిల్ గెలిచింది కూడా ఫ్లైవెయిట్‌లోనే. అమెచ్యూర్ బాక్సింగ్‌లో అదే పేరున్న 52 కిలోల విభాగంలో, 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్.