పాత ట్రాక్టరు జాతకం

బిడ్డలూ, లారీ కింద ఎప్పుడైనా వంగి చూశారా? పొడుగాటి ఉక్కు దూలాలు రెండుంటాయి. వాటినే చట్రం అంటారు. ఇంజనైనా, వెనక బాడీ అయినా దాని మీదే కూర్చుంటాయి. ఇప్పుడు మన స్టేషన్ ఘన్‌పూర్‌లో వడ్ల బస్తాలతో పొద్దంతా తిరిగే ట్రాక్టరు కింద చూడండి. దూలాలూ లేవు, చట్రమూ లేదు. ముందు ఇంజను, దానికి బోల్టులతో బిగించిన గేరుబాక్సు, దానికి మళ్లీ బోల్టులతో బిగించిన వెనక ఇరుసు పెట్టె. మూడు పోత ఇనుప ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి, అంతే.

లారీకి సొంత బరువు దండగ. ట్రాక్టరుకు బరువే బలం. వెనక చక్రాలు నేలను అదిమి పట్టకపోతే నాగలి కదలదు, టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అందుకే అంత మందం పోత ఇనుము. అది చాలక వెనక టైర్లలో ముప్పావు వంతు దాకా నీళ్లు కూడా నింపుతారు. నమ్మకపోతే పాత బండి చక్రం దగ్గర చూడండి. ట్యూబు వాల్వు చుట్టూ రిమ్ము తుప్పు పట్టి ఉంటే, అందులో ఏళ్ల తరబడి నీళ్లున్నాయని లెక్క.

ట్రాక్టరు ఒళ్లు ఇట్లా ముక్కలుగా తయారైందని తెలిస్తేనే పాత బండ్ల వేలంపాటలో ఎందుకంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది. మూడు ముక్కలూ బోల్టుల మీదే ఉన్నాయి కదా, విప్పి మార్చడం కష్టమేమీ కాదు. ఒక బండి ఇంజను, ఇంకో బండి గేరుబాక్సు, మూడోదాని బానెటు కలిపి మంచి ఎర్ర రంగు కొడితే కొత్త పెళ్లికొడుకులా నిలబడుతుంది. అప్పు కట్టలేని రైతు దగ్గర ఫైనాన్సువాళ్లు పట్టుకొచ్చిన బండ్లు యార్డులో వరసగా ఉంటాయి. ధరావతు కట్టాలి, పాట పాడాలి. ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలన్నది షరతు. పాట ఖాయమయ్యాక మంచీచెడ్డా మనదే. అక్కడ నిలబడ్డ ప్రతి బండి వెనకా దాన్ని పోగొట్టుకున్న ఇల్లొకటి ఉంటుంది. కాబట్టి ఆ బండిని చూసి వెటకారంగా మాత్రం మాట్లాడకండి.

ఇంగ్లండులో ఈలీ పట్నం దగ్గర సటన్ అనే ఊళ్లో చెఫిన్స్ అనే సంస్థ పాత ట్రాక్టర్లకు వేలం పెడుతుంది. అక్కడ చాలామంది కొనేది ముచ్చటకొద్దీ, దాచుకోవడానికి. మనం కొనేది కరిగెటలో దించడానికి. అయినా ఇక్కడైనా అక్కడైనా తెలిసినవాడు మొదట చేసే పని ఒకటే. రంగు చూడడు, బానెటు మీది పేరు చూడడు. చేతిలో గుడ్డముక్క, టార్చిలైటు పట్టుకుని మట్టీ గ్రీజూ తుడిచి ఇనుము మీద అంకెలు వెతుకుతాడు.

ఆ అంకెల్లో రెండు జాతులున్నాయి. కొన్ని పైకి ఉబ్బి ఉంటాయి, కొన్ని లోపలికి దిగి ఉంటాయి. వేలితో తడిమినా తేడా తెలిసిపోతుంది. ఉబ్బినవి పోతలోనే వచ్చినవి. ఇసుక అచ్చులో ఆ అంకెల ఆకారం గుంటగా ఉంటుంది. కరిగిన ఇనుము అందులోకి పోయి గట్టిపడితే అంకె పైకి లేస్తుంది. అది ఆ భాగం నమూనా నంబరు. అదే అచ్చులో పోసిన వేల భాగాల మీద అదే ఉంటుంది. దాన్ని చూసి బండి నంబరు దొరికిందని సంబరపడితే మోసపోయినట్టే. లోపలికి దిగినవి తయారయ్యాక పంచుతో కొట్టినవి. ఒక్కో బండికి ఒక్కో నంబరు, ఆర్‌సీ కాగితంతో కలవాల్సింది అదే.

ఉబ్బిన అంకెలతో కూడా లాభం ఉంది. పాత ఫోర్డు 3000 ఉందనుకోండి, ఇంగ్లండులో బాసిల్డన్ కార్ఖానాలో చేసింది. దాని పోత మీద నమూనా నంబరు కాకుండా చిన్న గుర్తు ఇంకోటి ఉంటుంది. ఉదాహరణకు 1సి14. మొదటి అంకె సంవత్సరం, అక్షరం నెల, చివరిది తేదీ. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, సి అంటే మార్చి. ఐ అక్షరాన్ని మాత్రం వదిలేశారు, ఒకటి అంకెలా కనబడుతుందని. మరి 1 అంటే 1961నా, 71నా, 81నా? ఆ మోడలు వచ్చిందే 1965లో, ఆగిపోయింది 1975లో. కాబట్టి 1971 మార్చి 14న ఆ ఇనుము పోశారన్నమాట. ఇప్పుడు కాగితంలో బండి 1969దని రాసి ఉందనుకోండి. బండి పుట్టాక రెండేళ్లకు దాని ఇంజను దిమ్మ పుడుతుందా? ఇంజను మారింది! ఇట్లాంటి గుట్టు పట్టుకున్నప్పుడు కలిగే ఆనందం ఉంది చూశారూ, అది ఎన్ని బండ్లు చూసినా తగ్గదు.

పంచు నంబరును అరగదీసి కొత్తది కొడితే ఎట్లా అంటారా? మీ నోటుబుక్కులో గట్టిగా ఒత్తి రాసి ఆ కాగితం చింపేయండి. కింది కాగితం మీద పెన్సిలుతో మెల్లగా రుద్దితే చింపిన రాత మళ్లీ తేలుతుంది కదా. ఉక్కులోనూ అంతే. పంచు దెబ్బకు అంకె అడుగున, కంటికి కనబడే లోతుకన్నా ఇంకా కిందిదాకా లోహం నలుగుతుంది. పైన అరగదీసినా ఆ నలుగుడు పోదు. నలిగిన లోహాన్ని యాసిడ్ ఒక తీరుగా తింటుంది, నలగని లోహాన్ని ఇంకో తీరుగా తింటుంది. ఫోరెన్సిక్ ల్యాబులో ఉక్కు మీద ఆ మందు పూసి పాత అంకెలను బయటికి రప్పిస్తారు. యార్డులో మనకు యాసిడ్ అక్కర్లేదు. నంబరు చుట్టూ మాత్రమే గ్రైండరు గీతలున్నా, అంకెలు వంకరటింకరగా ఉన్నా చాలు, ఆ బండిని వదిలేసి పక్కకు పొండి.

అంకెలు చెరిగిపోయినా ఒళ్లే చెప్పే బండ్లూ ఉన్నాయి. 1959లో ఫరీదాబాద్‌లో మొదలైన ఐషర్‌ను చూడండి. పాత ఐషర్ ఇంజనుకు రేడియేటరే లేదు, గాలితోనే చల్లబడుతుంది. ఇంజను ఒంటి మీద రెక్కలు రెక్కలుగా ఇనుము కనిపిస్తుంది. పింజోర్‌లో 1971 నుంచి హెచ్‌ఎంటీ చేసిన జెటార్ చెకొస్లొవేకియా సంతతి. మహీంద్రా బి-275 ఇంగ్లండు ఇంటర్నేషనల్‌కు తమ్ముడు. స్వరాజ్ 724 మాత్రం అచ్చంగా మనది. దుర్గాపూర్ పరిశోధన సంస్థలో మన్‌మోహన్ సూరి నాయకత్వంలో మన ఇంజనీర్లే గీసి, నిలబెట్టిన డిజైను. 1974లో మొహాలీ నుంచి బయటికొచ్చింది. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

ఏ కంపెనీదైనా వెనక మూడు కడ్డీలుంటాయి చూడండి, కింద రెండు, పైన ఒకటి. అది హ్యారీ ఫెర్గూసన్ పుణ్యం. అంతకుముందు నాగలిని తాడుకట్టి లాగినట్టే లాగేవాళ్లు. నాగలి రాయికో వేరుకో తగిలి ఆగిపోతే, వెనక చక్రాల బలానికి ముందు భాగం పైకి లేచి బండి డ్రైవరు మీదే తిరగబడేది. ఎన్నో ప్రాణాలు పోయాయి. ఫెర్గూసన్ పద్ధతిలో నాగలి ఆగితే కింది కడ్డీలు వెనక్కి గుంజుతాయి, పై కడ్డీ ముందుకు తోస్తుంది. ఆ తోపుడుకు ముందు చక్రాలు లేవకుండా నేలకు అదుముకుంటాయి. ఆయన బూడిద రంగు టీఈ-20 కోవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా 5 లక్షలకు పైగా తయారైంది. మన టాఫే మాసీ ఫెర్గూసన్లకు ఆ ఇంటిపేరు అక్కడిదే. యార్డులో ఆ కడ్డీలకు బరువు తగిలించి పైకి లేపించండి, తర్వాత ఇంజను ఆపించండి. బరువు గబగబా కిందికి దిగిపోతే హైడ్రాలిక్ నూనె లోపలెక్కడో జారుతోంది.

స్టార్టు చేసే ముందు ఇంజను మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే ఒకసారి తిప్పి ఉంచాడన్నమాట. జబ్బు బయటపడేది చల్లటి ఇంజనులోనే. పొగ నీలంగా వస్తే ఇంజనాయిలు కాలుతోంది. నల్లగా వస్తే డీజిలుకు సరిపడా గాలి అందడం లేదు. ఒక్కోసారి ఎయిర్ క్లీనరు కడిగితే సరిపోతుంది. తెల్లపొగ మొదట కాసేపు వచ్చి ఆగితే పర్వాలేదు, ఆగకపోతే అనుమానించాలి.

కాగితాల సంగతి తండ్రులకు చెప్పండి. ఆర్‌సీలో పాత అప్పు తీసేశారో లేదో చూసుకోవాలి. ప్రభుత్వం పాడించిన వేలమైతే బండిని మన పేరుకు మార్చుకోవడానికి ముప్పై రోజుల్లో ఫారం 32 ఇవ్వాలి.

మన దిక్కు బండికి చివరి పరీక్ష ఇంకోటుంది. కేజ్ వీల్స్ కట్టుకుని మోకాటిలోతు బురదలో దమ్ము చేసిన ట్రాక్టరుకు ఇరుసు సీళ్లు అరిగి, నీళ్లు లోపలి నూనెలోకి చేరతాయి. నీళ్లు నూనెకన్నా బరువు, రాత్రంతా బండి కదలకుండా ఉంటే అడుక్కి చేరతాయి. పొద్దుగాలే వెళ్లి, యార్డువాళ్లను అడిగి, వెనక ఇరుసు పెట్టె అడుగున ఉన్న నట్టును ఒక్క చుట్టు వదులు చేయించండి. మొదట నూనె వస్తే పాటకు కూర్చోండి. నీళ్లు వస్తే మరమ్మతు ఖర్చు ముందే లెక్కగట్టి, మీ పాటలోంచి అంత తగ్గించుకోండి.