కృష్ణా ఒండ్రు మీదికి దిగిన రోసబ్

రోసబ్ 6000 మనిషి ఎక్కని జలాంతర యంత్రం. పేరులోని అంకె అది ఎన్ని మీటర్ల లోతుకు దిగగలదో చెబుతుంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రష్యా ఇంజనీర్లతో కలిసి దీన్ని తయారుచేసింది. ‘సాగర్ నిధి’ ఓడలో కూర్చున్నవారు తెరల మీద సముద్రపు అడుగును చూస్తూ దీన్ని నడుపుతారు. ఇలాంటి యంత్రాలను ఆర్‌ఓవీలు అంటారు. 1966లో స్పెయిన్ తీరాన, సుమారు 870 మీటర్ల లోతులో పడిన హైడ్రోజన్ బాంబును పైకి తేవడంలో అమెరికా నౌకాదళపు ఆర్‌ఓవీ ‘కర్వ్’ తోడ్పడింది. లోకం ఈ యంత్రాల సత్తా గుర్తించింది అప్పుడే.

ఆర్‌ఓవీకి ప్రాణం దాని కేబుల్. సముద్రపు నీటిలో రేడియో తరంగాలు కొద్ది మీటర్లకే ఆరిపోతాయి. అందుకే ఓడ నుంచి కరెంటు, ఆజ్ఞలు కిందికి, వీడియో పైకి, అన్నీ ఈ బొడ్డుతాడు గుండానే నడవాలి. చిక్కు కూడా దానితోనే. ఓడ అలల మీద ఊగినప్పుడల్లా యంత్రం నూతిలో చేదలా ఎగిరిపడుతుంది. దీనికి కనిపెట్టిన ఉపాయం చక్కనిది: కేబుల్ కొసన బరువైన పంజరం వేలాడదీసి, అందులోంచి తేలికపాటి రెండో తాడుతో యంత్రాన్ని బయటికి వదులుతారు. కుదుపు పంజరం దగ్గరే ఆగిపోతుంది. ఆ తాడు తెగితే మాత్రం అంతే సంగతులు. 1995లో మరియానా అగాధం అడుగు తాకిన జపాన్ యంత్రం ‘కైకో’ 2003లో అలాగే పోయింది.

2010లో హిందూ మహాసముద్రం మధ్య రోసబ్ 5,289 మీటర్లు దిగింది. అక్కడ బొటనవేలి గోరంత చోటు మీద అర టన్నుకు పైగా బరువు పడుతుంది. ఆ ఒత్తిడికి నలగకుండా యంత్రాన్ని తేల్చేది సూక్ష్మమైన బోలు గాజు గోళీలు కలిపి పోతపోసిన ప్రత్యేక ఫోమ్.

తెలుగువారికి దగ్గరి అధ్యాయం కృష్ణా–గోదావరి బేసిన్‌ది. తిరువూరు వైపు పారే కట్టలేరు వాగు నీళ్లు చివరికి కృష్ణలోనే కలుస్తాయి. అలాంటి ఎన్నో వాగుల ఒండ్రును కృష్ణ, గోదావరి లక్షల ఏళ్లుగా బంగాళాఖాతంలో పోస్తున్నాయి. ఆ మట్టిలో కుళ్లిన జీవపదార్థం మీథేన్‌గా మారి, చలికీ ఒత్తిడికీ నీటితో కలిసి మంచులా గడ్డకట్టింది. 2006లో ‘జోయిడెస్ రిజల్యూషన్’ ఓడ తవ్వకాల్లో ఈ గ్యాస్ హైడ్రేట్ పొర ఒకచోట 128 మీటర్ల మందంతో బయటపడింది. పైకి తెస్తే ఇది కరిగిపోతుంది, ఒక ఘనమీటరు నుంచి 160 ఘనమీటర్లకు పైగా వాయువు విడుదలవుతుంది. కాబట్టి దాని జాడలను ఉన్నచోటే చూడాలి. రోసబ్‌ను ఈ బేసిన్‌లో దించింది అందుకే.

ఇదే సముద్రంలో కాకినాడకు ఎదురుగా, 2,000 మీటర్లకు మించిన లోతున ఆర్ క్లస్టర్ అనే గ్యాస్ క్షేత్రం నుంచి 2020 డిసెంబరులో గ్యాస్ రావడం మొదలైంది. డైవర్లు చేరలేని ఆ అడుగున బావుల పరికరాలను చూసుకోవాలంటే ఆర్‌ఓవీలే దిగాలి.