పొగదారి తప్పిన ఇంజను

“రేడియేటర్‌లో నీళ్ళు మెల్లగా కదిలితేనే కదా సార్, చల్లారడానికి టైము దొరికేది?”

పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివే కుర్రాడు అడిగాడు. పక్కనున్నవాళ్ళందరూ తలలూపారు. షెడ్డుల్లో చేయి తిరిగిన మేస్త్రీలు కూడా ఇదే మాటంటారు. అమెరికాలో పాత కార్లు విప్పి కట్టుకునేవాళ్ళ మధ్య ఈ వాదన ఇంకా తెగలేదు. దీనికి జవాబు చెప్పాలంటే నాకు ముందుగా గుర్తొచ్చేది 1932లో ఫోర్డ్ కంపెనీ బయటికి తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వి8. వేడితో ఇంత వేగినదీ, జనం ఇంతగా మోజుపడ్డదీ అయిన ఇంజను ఇంకొకటి నాకు తెలియదు.

దాని పుట్టుక గురించి క్లుప్తంగానే చెబుతాను. 1929లో షెవర్లే తన చవక కారులో ఆరు సిలిండర్ల ఇంజను పెట్టింది. నాలుగు సిలిండర్లతో బండి లాగుతున్న హెన్రీ ఫోర్డ్‌కు అది మింగుడు పడలేదు. వాళ్ళకు ఆరైతే మనకు ఎనిమిది అన్నాడు. అప్పటికి వి8 అంటే షావుకార్ల కార్లకే. దాని బ్లాకును ఎక్కువగా ముక్కలుగా పోతపోసి బోల్టులతో బిగించేవారు. ఫోర్డ్ మాత్రం రెండు వరసల సిలిండర్లనూ, కింది క్రాంక్‌కేసునూ కలిపి ఒకే పోత ఇనుప ముక్కగా తీయాలని పట్టుపట్టాడు. డియర్‌బోర్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో ఎడిసన్ పాత ప్రయోగశాల భవనం ఒకటి ఉంది. కొద్దిమంది ఇంజనీర్లను అందులో కూర్చోబెట్టి గుట్టుగా పని చేయించాడు. చివరికి వచ్చింది 3.6 లీటర్ల, 65 హార్స్‌పవర్ల ఇంజను. 500 డాలర్ల లోపు ధరకు వి8 కారు దొరకడం అమెరికాలో అదే మొదలు.

చవగ్గా చేయాలంటే ఎక్కడో రాజీ పడాలి. ఆ రాజీ వాల్వుల దగ్గర జరిగింది. షెవర్లే ఇంజనుకు వాల్వులు హెడ్డులో, పిస్టన్ నెత్తి మీద ఉండేవి. ఫోర్డ్ వాటిని బ్లాకులోనే సిలిండర్ పక్కన నిలబెట్టాడు. రెండు వరసల నడుమ లోయలో ఒకటే క్యామ్‌షాఫ్ట్, దాని మీదే పదహారు వాల్వులూ. పొడుగాటి పుష్‌రాడ్లు లేవు, రాకర్లు లేవు. హెడ్డు అంటే ఇక నీళ్ళు తిరిగే ఒక బల్లపరుపు మూత, అంతే. ఫ్లాట్‌హెడ్ అన్న పేరు అందుకే.

గాలీ పెట్రోలూ లోపలికి పోవడానికి ఇబ్బంది లేదు. కార్బురేటర్ లోయ మీదే కూర్చుంటుంది. చిక్కంతా పొగతో. ఎగ్జాస్ట్ వాల్వు లోయ వైపున ఉంది, సైలెన్సర్ పైపు బ్లాకు బయటి వైపున ఉంది. నడుమ అడ్డంగా సిలిండర్లు. అందుకని పొగను సిలిండర్ల సందుల్లోంచి, బ్లాకు పొట్టలోంచి, చుట్టూ నీళ్ళున్న ఇనుప గొట్టాల్లోంచి అవతలికి దాటించారు. మధ్య రెండు సిలిండర్లకు కలిపి ఒకటే దారి కాబట్టి నాలుగు సిలిండర్ల వరసకు బయట కనిపించేవి మూడు నోళ్ళే.

ఇంజనులో మండిన పెట్రోలు వేడిలో మూడో వంతు కన్నా తక్కువే చక్రాలకు చేరుతుంది, స్థూలంగా మూడో వంతు పొగతో బయటికి పోతుంది, మిగిలింది నీళ్ళ నెత్తిన పడుతుంది. ఈ ఇంజనులో పొగ బయటికి పోతూపోతూ తన వాటా వేడిలో కొంత నీళ్ళకు అప్పగించి మరీ పోతుంది. 700 డిగ్రీలు దాటిన పొగ సిలిండర్ల సందులో నీటిజాకెట్టును కాచుతూ వెళ్తుంటే రేడియేటర్ ఎంత పెద్దదైనా చాలదనిపిస్తుంది. తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఈ ఇంజనుకు జరిగిన మరమ్మతుల్లో చాలా భాగం ఈ ఒక్క పొగదారి చుట్టూనే తిరిగింది.

పంపులు పెట్టిన చోటు ఇంకా విచిత్రం. మొదటి నమూనాల్లో ఒక్కో హెడ్డు ముందు ఒక్కో నీళ్ళ పంపు ఉండేది. ఇంజనంతా తిరిగి కాగిన నీటిని పై నుంచి పీల్చి రేడియేటర్‌కు పంపేది. పీల్చే చోట ఒత్తిడి పడిపోతుంది, ఒత్తిడి తగ్గితే నీళ్ళు 100 డిగ్రీలకు ముందే మరుగుతాయి. అసలే మరగడానికి సిద్ధంగా ఉన్న నీటిని పీలిస్తే అది పంపు నోట్లోనే ఆవిరైపోతుంది. ఆవిరిలో గిరగిరా తిరిగే పంపు నీళ్ళను నెట్టలేదు. సరిగ్గా ఎక్కువ నీళ్ళు కావలసిన సమయానికే పంపు చేతులెత్తేస్తుంది. 1937లో పంపుల్ని బ్లాకు ముందుకు దించి, రేడియేటర్ అడుగు నుంచి వచ్చే చల్లటి నీటిని లోపలికి నెట్టేలా మార్చారు. పీల్చడం మాని తోయడం మొదలుపెట్టగానే బ్లాకు లోపల ఒత్తిడి పెరిగింది, మరిగే ఉష్ణోగ్రత కూడా దానితోపాటు పైకి జరిగింది. నా దృష్టిలో ఈ ఇంజను చరిత్రలో అన్నిటికన్నా తెలివైన మార్పు ఇదే.

ఇప్పుడు కుర్రాడి ప్రశ్నకు వద్దాం. నీళ్ళు మోసే వేడి రెండిటి మీద ఆధారపడుతుంది: నిమిషానికి ఎన్ని లీటర్లు కదిలాయి, ఒక్కో లీటరు ఎన్ని డిగ్రీలు చల్లారింది. 50 కిలోవాట్ల వేడిని బయట పారేయాలనుకుందాం. నీళ్ళు రేడియేటర్‌లో 10 డిగ్రీలు చల్లారుతుంటే నిమిషానికి 72 లీటర్లు తిరగాలి. ప్రవాహం సగం చేస్తే ప్రతి లీటరూ 20 డిగ్రీలు చల్లారి తీరాలి. మెల్లగా పోయే నీళ్ళు ఎక్కువ చల్లారుతాయన్న మాట నిజమే, కానీ ఆ చల్లారడమే నష్టం. రేడియేటర్ గాలికి ఇచ్చే వేడి దాని రేకులకూ గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. పై నుంచి కింది దాకా రేకులన్నీ వేడిగా ఉంటేనే అది పూర్తిగా పని చేసినట్టు. నీళ్ళు నిదానంగా పోతే కింది సగం చప్పబడి ఊరికే ఉంటుంది. అంతే వేడి బయటికి పోవాలంటే పై సగం ఇంకా కాగాలి. అంటే హెడ్డు ఇంకా కాగాలి.

ఈ తేడా మన ఎండల్లో మరీ బాధిస్తుంది. 25 డిగ్రీల గాలిలో 90 డిగ్రీల రేడియేటర్‌కు దొరికే తేడా 65. అదే బండి మే నెల మధ్యాహ్నం రామగుండంలో 45 డిగ్రీల ఎండలో నిలబడితే మిగిలేది 45. రేడియేటర్ శక్తిలో మూడో వంతు దాకా ఎండే తినేసింది.

మరి ఆ నమ్మకం ఎక్కడిది? నా అనుమానం ఇలా ఉంది. పాత ఫోర్డ్ రేడియేటర్ మూత ఒత్తిడి పట్టేది కాదు. స్పీడు పెరిగితే రెండు పంపులూ కలిసి, సన్నటి గొట్టాలు కిందికి దించగలిగిన దానికన్నా ఎక్కువ నీళ్ళు పైతొట్టిలోకి తోసేవి. ఆ ఎక్కువైనవి ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి రోడ్డు పాలయ్యేవి. నీళ్ళు తగ్గాక ఇంజను మరిగేది. పైపులో చిల్లున్న బిళ్ళ ఒకటి అడ్డం పెడితే ప్రవాహం తగ్గి నీళ్ళు పారిపోవడం ఆగేది, ఇంజను చల్లగా నడిచేది. ‘మెల్లగా పోతే చల్లగా ఉంది’ అన్నది కళ్ళారా చూసిన నిజం. కారణం మాత్రం వేరు.

ఆ బిళ్ళ వల్ల, అలాగే థర్మోస్టాట్ వల్ల, ఇంకో మేలు కూడా ఉంది. పంపుకూ దానికీ మధ్య, అంటే బ్లాకులో, ఒత్తిడి పెరుగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు సీటు వెనక ఇనుము దగ్గర నీళ్ళు ఎప్పుడూ కొద్దిగా మరుగుతూనే ఉంటాయి. చిన్న చిన్న బుడగలు పుట్టి, కొట్టుకుపోయి, చల్లటి నీళ్ళలో కలిసిపోతుంటే అది ఆరోగ్యమే, అవి వేడిని బాగా మోస్తాయి. బుడగలు కలిసి పొరగా అతుక్కున్నప్పుడే ప్రమాదం. బాగా కాలిన దోసె పెనం మీద చిలకరించిన నీటి చుక్క ఆరకుండా గుండ్రంగా పరుగెత్తడం చూసే ఉంటారు. దాని కింది ఆవిరి పొర పెనం వేడిని పైకి రానివ్వదు. ఇంజనులో ఆ పొర ఏర్పడితే నీళ్ళు పక్కనే ఉన్నా ఇనుము ఎర్రబడి, సీటుకూ సిలిండర్ బోరుకూ మధ్య పగులుతుంది. కాబట్టి థర్మోస్టాట్ పీకి పారేస్తే బండి చల్లబడుతుందన్న షెడ్డు వైద్యాన్ని నేను ఒప్పుకోను.

ఇక హెడ్డు సంగతి. పవర్ పెంచాలంటే కంప్రెషన్ పెంచాలి. 1932 ఇంజనుకు ఆ నిష్పత్తి 5.5 మాత్రమే. ఒక్కో సిలిండర్ దాదాపు 453 సీసీ, కాబట్టి పిస్టన్ పైకొచ్చినప్పుడు పైన మిగిలే ఖాళీ 100 సీసీ. దాన్ని 7.5 చేయాలంటే ఖాళీని 70 సీసీకి కుదించాలి. అంటే హెడ్డు మొహాన్ని మెషీన్ మీద గీకి పలచన చేయాలి. వాల్వులు నెత్తి మీదున్న ఇంజనులో ఇది ఒక పూట పని. ఫ్లాట్‌హెడ్‌లో అలా కాదు. ఇక్కడ వాల్వు పక్కన ఉంది కాబట్టి గాలి పైకి లేచి, హెడ్డు కప్పు కింద అడ్డంగా పోయి, సిలిండర్‌లోకి దిగాలి. కప్పు దించితే కంప్రెషన్ పెరుగుతుంది, ఆ సందు ఇరుకై ఊపిరి ఆడదు. సందు వెడల్పు చేయడానికి వాల్వుకూ బోరుకూ మధ్య బ్లాకును గీకితే ఊపిరి ఆడుతుంది, సంపాదించిన కంప్రెషన్ కాస్తా పోతుంది. ఇటు లాగితే అటు కురచ.

ఈ పీకులాటలోనే ఒక అందమైన ఉపాయం పుట్టింది. ఇంగ్లండులో హ్యారీ రికార్డో 1919లో ఇలాంటి సైడ్‌వాల్వు ఇంజన్ల కోసం హెడ్డు రూపం మార్చాడు. వాల్వుల మీద గది ఉంచి, పిస్టన్‌లో మిగతా భాగం మీద కప్పును దాదాపు ఆనేంత దించాడు. పిస్టన్ పైకొచ్చేసరికి ఆ ఇరుకులోని మిశ్రమం చీదినట్టు గదిలోకి దూసుకెళ్ళి సుడి తిరుగుతుంది. మంట చకచకా పాకుతుంది. మూలన మిగిలిన పలచటి పొరకు రెండు వైపులా లోహమే కాబట్టి అది చల్లగా ఉండి, తనంతట తాను పేలదు, అంటే నాకింగ్ రాదు. కాలిఫోర్నియా రేసు కుర్రాళ్ళు తర్వాత ఫోర్డ్ ఇంజనుకు బిగించిన ఎడెల్‌బ్రాక్, ఆఫెన్‌హౌజర్ అల్యూమినియం హెడ్డుల్లోనూ పనిచేసేది ఈ సూత్రమే. అల్యూమినియం పోత ఇనుము కన్నా మూడు రెట్ల సులువుగా వేడిని దాటిస్తుంది. అయినా పొగ మాత్రం బ్లాకులోంచే పోతోంది.

ఆ దారినే మూసేసినవాడు జోరా ఆర్కస్-డంటోవ్. బ్రస్సెల్స్‌లో పుట్టి, బెర్లిన్‌లో చదివి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో న్యూయార్క్ చేరాడు. తమ్ముడు యూరాతో కలిసి 1947లో ఆర్డన్ అనే హెడ్డు తెచ్చాడు. ఉద్దేశం రేసు కాదు, బరువులు లాగుతూ మరిగిపోయే ఫోర్డ్ లారీలు. బ్లాకు అదే, క్యామ్‌షాఫ్ట్ అదే. పుష్‌రాడ్లతో వాల్వులు నెత్తి మీదికి ఎక్కాయి, గది అర్ధగోళమైంది. పొగ హెడ్డులోంచి నేరుగా బయటి వైపుకి పోయింది. బ్లాకులోని పాత పొగదారులకు పని లేకుండా పోయింది. అప్పటికి 100 హార్స్‌పవర్లకు చేరిన ఇంజను 160 దాకా లేచింది. వెడల్పు మాత్రం బానెట్‌లో ఇమడనంత పెరిగింది. ఈలోగా 1948లో ఫోర్డ్ తన భారీ లారీలకు ఇంకా పెద్ద ఫ్లాట్‌హెడ్ ఇంజను ఇచ్చింది. లారీల బేరం పోయింది, ఆర్డన్ హెడ్డులు రేసు కుర్రాళ్ళ చేతికి పోయాయి. జోరా 1953లో జనరల్ మోటార్స్‌లో చేరి కార్వెట్ స్పోర్ట్స్ కారు ఇంజనీరుగా పేరు తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత కథ గబగబా సాగింది. 1953తో అమెరికాలో ఫోర్డ్ కార్లకు ఫ్లాట్‌హెడ్ ఆగిపోయింది, మరుసటి ఏడు వాల్వులు హెడ్డులోకి వెళ్ళాయి. మన దగ్గరా ఇదే జరిగింది. అంబాసిడర్ 1476 సీసీ సైడ్‌వాల్వు ఇంజనుతో వచ్చి, 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజనుకు మారింది. మహీంద్రా పెట్రోలు జీపు మధ్యలో ఆగింది: దానిలో ఇన్‌లెట్ వాల్వు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వు బ్లాకులో.

ఇలాంటి పాత ఇంజనును మళ్ళీ కడుతున్నవాళ్ళకు నాదొక మనవి. పెద్ద రేడియేటర్, రెండో ఫ్యాను కొనేముందు బ్లాకు పక్కల ఉన్న వాటర్ ప్లగ్గులు ఊడగొట్టి లోపల టార్చి వేసి చూడండి. ఫ్లాట్‌హెడ్ బ్లాకుల్లో పోత పోసిననాటి ఇసుక, అచ్చులో వాడిన తీగ ముక్కలు తుప్పుతో గడ్డకట్టి ఈ రోజుకీ బయటపడుతుంటాయి. మన బండ్లలో అయితే బోరు నీళ్ళ సున్నం. 1 మిల్లీమీటరు సున్నపు పొర వేడిని ఆపడంలో కనీసం 2 సెంటీమీటర్ల పోత ఇనుముతో సమానం. గీకి, కడిగి, పగుళ్ళు పరీక్ష చేయించి, గాస్కెట్ చిల్లులు బ్లాకు చిల్లులతో కలుస్తున్నాయో లేదో దాని మీద పెట్టి చూసుకుని, హెడ్డు బోల్టులు నడిమి నుంచి అంచులకు విడతలుగా బిగించండి. నింపేటప్పుడు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి, బోరు నీళ్ళు వద్దు.